అమ్మకు తుంటి విరిగింది: రాడ్డు వేయించాలా, కట్టు కట్టించాలా?

ప్రశ్న (మర్రిపాలెం నుంచి): మా అమ్మగారికి 76 ఏళ్లు. నిన్న సాయంత్రం స్నానాల గదిలో జారిపడ్డారు. ఎడమకాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగిపోయింది. ఎక్స్‌రే చూసి ఇంటర్‌ట్రొకాంటెరిక్ ఫ్రాక్చర్ (తుంటి దగ్గర తొడ ఎముక పైభాగం విరగడం) అనీ, నిలకడ లేని రకమనీ, ఎముక లోపల రాడ్డు వేయాలనీ చెప్పారు. షుగరు, బీపీ ఉన్నాయి. గుండెకు క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్ర) వాడుతున్నారు. ఈ వయసులో కోత వద్దు, పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దాం అంటున్నారు మేనమామగారు. పక్కింటి పెద్దావిడకు తుంటి విరిగితే బంతి మార్చారు కదా, మాకెందుకు రాడ్డు? రేపు ఉదయానికి నిర్ణయం చెప్పాలి.

జవాబు (ఎముకల వైద్యుడు, సీతమ్మధార): ముందు కట్టు సంగతి. దయచేసి వద్దండి. విశాఖ నుంచి పుత్తూరు ఏడు వందల కిలోమీటర్ల పైమాటే. విరిగిన తుంటితో అంత దూరం ప్రయాణం నరకం. తొడ కండరాలు బలమైనవి, విరిగిన ముక్కలను అవి పైకి లాగేస్తుంటే పైన ఎంత బిగించి కట్టినా ఆగవు. ఇక నెలల తరబడి మంచంలో ఉంటే పుండ్లు, నిమోనియా, కాళ్లలో రక్తపు గడ్డలు వస్తాయి. ఈ వయసులో ప్రాణం మీదికి తెచ్చేవి ఇవే. ఆపరేషన్ ముఖ్య ఉద్దేశం ఆమెను మంచం మీద నుంచి త్వరగా లేపడం. వీలైతే 48 గంటలలోపే చేయించండి.

పక్కింటి ఆవిడకు విరిగింది బహుశా తుంటి మెడ, అంటే బంతికి కింద ఉండే సన్నని భాగం. అక్కడ విరిగితే బంతికి రక్తం అందడం ఆగిపోవచ్చు, అందుకే మారుస్తారు. మీ అమ్మగారికి విరిగింది దాని కిందిభాగం. అక్కడ రక్తసరఫరా బాగుంటుంది, సరిగ్గా పట్టి ఉంచితే ఎముక అతుక్కుంటుంది.

నిలకడ లేదనడానికి సాధారణంగా కారణం, తొడ ఎముక లోపలివైపు పొడుచుకొచ్చినట్టుండే చిన్న ట్రొకాంటర్ అనే ముక్క విడిపోయి ఆసరా పోవడం. బయటి గోడ పగిలినా, విరుపు గీత తిరగబడిన వాలులో ఉన్నా అంతే. అలాంటప్పుడు ఎముక పక్కన బిగించే ప్లేటు మీద భారమంతా పడి ఎముక కుంగిపోవచ్చు. రాడ్డు మూలుగ కాలువలో కూర్చుంటుంది. శరీర బరువు దిగే గీతకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దానిపై వంచే బలం తగ్గుతుంది. అందులోంచి తుంటి బంతిలోకి ఒక పెద్ద స్క్రూ గానీ బ్లేడు గానీ వెళ్తుంది.

అందరూ రాడ్డు ఏ కంపెనీదని అడుగుతారు. ముక్కలను ఎంత బాగా సర్దారు, స్క్రూ బంతి మధ్యకు చేరిందా అని అడగండి. ముందు నుంచి, పక్క నుంచి తీసిన రెండు ఎక్స్‌రేలలోనూ స్క్రూ కొన నుంచి బంతి శిఖరానికి ఉన్న దూరాలు కలిపితే 25 మిల్లీమీటర్ల లోపు ఉండాలని మేం చూసుకుంటాం. అంతకు మించితే స్క్రూ బంతిని చీల్చుకుని బయటికొచ్చే ప్రమాదం పెరుగుతుంది.

క్లోపిడోగ్రెల్‌ను మీ అంతట మీరు ఆపకండి. ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో, గుండెకు స్టెంట్ వేసి ఉంటే ఎప్పుడు వేశారో మత్తు డాక్టరుకు చెప్పండి. వెన్నులో ఇంజెక్షన్ కుదరకపోతే పూర్తి మత్తులో చేస్తారు. మాత్ర ఒక్కదాని కోసమే రోజుల తరబడి వాయిదా వేయడం మంచిది కాదు.

ప్రశ్నించినవారు: చాలా ధైర్యం వచ్చిందండి. ఖర్చు మాకు భారమే. ప్రభుత్వాసుపత్రిలో కుదురుతుందా?

జవాబు (అక్కయ్యపాలెం నుంచి): విశాఖ కేజీహెచ్‌లో (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎముకల విభాగం ఉంది. ఆధార్, రేషన్ కార్డు దగ్గర పెట్టుకుని, ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కౌంటరులో ఆరోగ్యమిత్రను కలవండి. ఇప్పుడున్న ఆసుపత్రిలో కూడా ముందు అదే అడగండి.

జవాబు (ఫిజియోథెరపిస్టు, గాజువాక): వైద్యులు అనుమతిస్తే మర్నాడే కూర్చోబెట్టి, వాకర్‌తో నిలబెట్టండి. నొప్పి అని భయపడి వదిలేస్తే కండ కరిగిపోతుంది. అతకడానికి సుమారు మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈలోగా స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ బిగించండి. రాత్రి దారిలో దీపం ఉండాలి. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా, కాలు మళ్లీ పొట్టిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జవాబు (ఎముకల వైద్యుడు, సీతమ్మధార): ఒకటి చేర్చాలి. చిన్నగా జారితేనే విరిగిందంటే ఎముక గుల్లబారినట్టే. విటమిన్ డి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు చేయించండి. ఎముక గట్టిపడటానికి ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం వంటి మందు అమ్మగారికి సరిపోతుందేమో కుట్లు విప్పే రోజున అడగండి. చాలామంది ఇళ్లలో ఈ మాట మరుగున పడిపోయి, రెండో తుంటి కూడా విరుగుతోంది.