ప్రోగ్రామును మూసినప్పుడల్లా డేటా మాయమవుతోంది: ప్యాకేజీలో డేటాబేసును ఎక్కడ ఉంచాలి?

ప్రశ్న:
నమస్కారం. ఇంట్లోని పుస్తకాల జాబితాను, ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందో ఆ వివరాలను రాసిపెట్టుకునే చిన్న డెస్క్‌టాప్ ప్రోగ్రామును పైథాన్‌లో రాశాను. డేటాబేసు ఎస్‌క్యూలైట్ (డేటానంతా ఒక ఫైలులో ఉంచేది). నా కంప్యూటరులో సోర్సు నుంచి నడిపితే ఏ ఇబ్బందీ లేదు. పైథాన్ ప్రోగ్రామును ప్యాకేజీగా మార్చే పైఇన్‌స్టాలర్‌తో వన్‌ఫైల్ పద్ధతిలో (అన్నీ ఒకే ఫైలుగా) కట్టి, డేటాబేసు ఫైలును కూడా అందులోనే చేర్చి మిత్రులకు ఇచ్చాను. వారు నమోదు చేసిన పుస్తకాలు మాత్రం ప్రోగ్రామును మూసి మళ్లీ తెరిచేసరికి ఉండడం లేదు. ఎర్రర్ ఏదీ రావడం లేదు, కమిట్ (మార్పులను ఖాయం చేసే ఆదేశం) కూడా చేస్తున్నాను. లోపం ఎక్కడుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
మీ కమిట్‌లో లోపం లేదండీ. డేటా డిస్కు మీదికి చేరుతూనే ఉంది, చేరిన చోటే నిలవదు. వన్‌ఫైల్ పద్ధతిలో కట్టిన ప్రోగ్రాము తెరిచిన ప్రతిసారీ టెంప్ ఫోల్డరులో ‘_ఎంఈఐ’తో మొదలయ్యే పేరుతో కొత్త ఫోల్డరు చేసుకుని, తనలోని ఫైళ్లన్నిటినీ అందులోకి విప్పుకుంటుంది, మూసేటప్పుడు ఆ ఫోల్డరును తానే తుడిచివేస్తుంది. మీ మిత్రులు రాసుకున్నదంతా అక్కడి నకలులోకి వెళ్లి దానితోపాటే పోతోంది. ప్రోగ్రాము నడుస్తుండగా టెంప్ ఫోల్డరును పక్కన తెరిచి ఉంచుకోండి, మూయగానే ఆ ‘_ఎంఈఐ’ ఫోల్డరు మీ కళ్లముందే మాయమవుతుంది.

అన్నిటినీ ఒక ఫోల్డరుగా ఇచ్చే వన్‌డైర్ పద్ధతికి మారితే ఈ లక్షణం పోతుంది గానీ జబ్బు పోదు. విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ కింద ఇన్‌స్టాల్ అయితే సాధారణ యూజరుకు అక్కడ రాసే అనుమతి ఉండదు కనుక, డేటాబేసు రీడ్‌ఓన్లీ అన్న ఎర్రర్ వస్తుంది. దానికి విరుగుడుగా అడ్మినిస్ట్రేటరుగా నడపమని యూజర్లకు చెప్పేవారున్నారు. దయచేసి ఆ దారి పట్టకండి. మ్యాక్‌లో సంతకం చేసిన యాప్ లోపలి ఫైలును మారిస్తే సంతకం చెల్లదు. లినక్స్‌లో యాప్‌ఇమేజ్ (ఒకే ఫైలుగా ఇచ్చే ప్యాకేజీ) అయితే రీడ్‌ఓన్లీగానే మౌంట్ అవుతుంది. కాబట్టి ప్యాకేజీలో ఉన్న డేటాబేసును విత్తనంగా మాత్రమే చూడాలి: మొదటిసారి తెరిచినప్పుడు దానిని యూజరు డేటా ఫోల్డరులోకి నకలు చేసి, అప్పటి నుంచి ఆ నకలునే తెరవాలి. ఆ ఫోల్డరు విండోస్‌లో యాప్‌డేటా కింది లోకల్, మ్యాక్‌లో యూజరు లైబ్రరీ కింది అప్లికేషన్ సపోర్ట్, లినక్స్‌లో మామూలుగా హోమ్ కింది ‘.లోకల్/షేర్’. ప్లాట్‌ఫామ్‌డిర్స్ అనే పైథాన్ లైబ్రరీ ఈ దారులను మీకు అందిస్తుంది.

నన్నడిగితే మీ ప్రోగ్రాముకు విత్తన ఫైలు కూడా అక్కర్లేదు, మొదటిసారి తెరిచినప్పుడు టేబుళ్లను కోడే సృష్టించుకోవచ్చు.

మళ్లీ అడిగినవారు:
ధన్యవాదాలు, ఇప్పుడు డేటా నిలుస్తోంది. ఇంకో రెండు సందేహాలు. తర్వాతి వెర్షన్‌లో ‘తిరిగి ఇచ్చిన తేదీ’ అనే కాలమ్‌ను చేర్చాలి. పాతవారి దగ్గర ఉన్న ఫైలు సంగతేమిటి? బ్యాకప్ మెనూలో డేటాబేసు ఫైలును కాపీ చేస్తున్నాను, కానీ చివరగా చేర్చిన పుస్తకాలు కొన్ని అందులో రాలేదు. వాల్ మోడ్ ఆన్ చేసి ఉంది.

రెండవ సమాధానం:
మీ రెండో సందేహానికి జవాబు మీ చివరి వాక్యంలోనే ఉంది. వాల్ మోడ్‌లో కొత్త మార్పులు ముందుగా ‘-వాల్’ అనే పక్క ఫైలులోకి వెళ్లి, చెక్‌పాయింట్ జరిగినప్పుడే అసలు ఫైలులోకి వస్తాయి. డిఫాల్టుగా ఆ ఫైలు 1000 పేజీలకు చేరినప్పుడు అది జరుగుతుంది. అసలు ఫైలును ఒక్కదానినే కాపీ చేస్తే మిగిలినవి వెనకే ఉండిపోతాయి. ఫైలు కాపీ మానేసి, పైథాన్ 3.7 నుంచి కనెక్షన్‌కు ఉన్న బ్యాకప్ మెథడ్‌ను గానీ, ఎస్‌క్యూలైట్ 3.27 నుంచి ఉన్న ‘వాక్యూమ్ ఇంటూ’ ఆదేశాన్ని గానీ వాడండి. నెట్‌వర్క్ డ్రైవ్ మీద వాల్ మోడ్ పనిచేయదు, ఆ మాట యూజర్లకు చెప్పి ఉంచండి.

ఇక కాలమ్ సంగతి. ‘యూజర్_వెర్షన్’ అనే ప్రాగ్మా (ఎస్‌క్యూలైట్ సెట్టింగు) డేటాబేసు ఫైలులోనే ఒక సంఖ్యను దాచిపెడుతుంది. మొదట అది 0. ప్రోగ్రాము తెరవగానే ఆ సంఖ్యను చూసి, 0 నుంచి 1కి, 1 నుంచి 2కి అంటూ ఒక్కో మెట్టూ ఎక్కించాలి. ఎస్‌క్యూలైట్‌లో టేబులు నిర్మాణంలో చేసిన మార్పును కూడా ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదు అనే మార్పుల కట్ట) వెనక్కి తీసుకోగలదు కాబట్టి, కాలమ్ చేర్చడాన్నీ సంఖ్య మార్చడాన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే మధ్యలో కరెంటు పోయినా ఫైలు సగం మెట్టులో నిలిచిపోదు. ఇక్కడ నేను ఒకసారి దెబ్బతిన్నాను: పైథాన్‌లోని ‘ఎగ్జిక్యూట్‌స్క్రిప్ట్’ తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్‌ను ముందుగా కమిట్ చేసి, ఆ తర్వాతే స్క్రిప్టును నడుపుతుంది. అందుచేత బిగిన్, కమిట్‌లను స్క్రిప్టు లోపలే రాయండి. ఫైలులోని సంఖ్య ప్రోగ్రాముకు తెలిసినదానికంటే పెద్దదైతే తెరవకుండా, కొత్త వెర్షన్ కావాలని చెప్పి ఆగిపోవాలి. అన్‌ఇన్‌స్టాలరు ఆ డేటా ఫోల్డరు జోలికి పోకూడదు.

అడిగినవారు:
రెండూ చేశాను. అడ్మిన్ హక్కులు లేని కొత్త ఖాతాలో పాత వెర్షన్ మీద కొత్తది ఇన్‌స్టాల్ చేసి చూస్తే పుస్తకాలన్నీ ఉన్నాయి. ఇంకొక మాట. ఒక మిత్రుడు పాత ప్రోగ్రాము స్తంభించిందని టాస్క్ మేనేజరు నుంచి ముగించాడట. అలా బలవంతంగా ముగిస్తే ‘_ఎంఈఐ’ ఫోల్డరు తుడవబడదు కదా అని టెంప్‌లో వెతికించాను. ఆ రోజు అతను నమోదు చేసిన పుస్తకాలు ఆ ఫోల్డరులోని ఫైలులో భద్రంగా ఉన్నాయి.