లియర్ విదూషకుడి పాట: పారిపోయేవాడు ఫూలా, నేవా?

చదువరి: షేక్‌స్పియర్ నాటకం 'కింగ్ లియర్' రెండో అంకం, నాలుగో రంగం. లియర్ రాజు నమ్మినబంటు కెంట్ కాళ్లు బొండకొయ్యలో ఉండగా విదూషకుడు పాడే పాట చివర ఒక పాదం కుదురుగా గుర్తురాక వేధిస్తోంది. 'పారిపోయే నేవ్ ఫూల్ అవుతాడు' అనా, 'పారిపోయే ఫూల్ నేవ్ అవుతాడు' అనా? (ఫూల్ అంటే మూర్ఖుడు, విదూషకుడు కూడా; నేవ్ అంటే మోసగాడు.)

పాతపుస్తకం: ముద్రితపాఠం మొదటిదే, 1608 క్వార్టో (ఈ నాటకం తొలి ముద్రణ), 1623 ఫోలియో (షేక్‌స్పియర్ నాటకాల సంపుటం) రెండూ అదే చెబుతాయి. రెండోది షేక్‌స్పియర్ నాటకాలను పరిష్కరించిన శామ్యూల్ జాన్సన్ సవరణ. నా మొగ్గు జాన్సన్ వైపే. 'ఫూల్ ఉండిపోతాడు, తెలివైనవాడు పోనీ' అన్న వెంటనే, పారిపోయేవాడూ ఫూలే అంటే పొసగుతుందా?

పదకేళి: పొసగుతుంది మాస్టారూ. లోకం దృష్టిలో ఉండిపోయినవాడు ఫూల్, ధర్మం దృష్టిలో పారిపోయినవాడు ఫూల్. పాట ఎక్కడ నేర్చావని కెంట్ అడిగితే, 'బొండకొయ్యలో మాత్రం కాదు, ఫూల్' అంటాడు. అది తిట్టు కాదు, బిరుదు. మొదటి అంకంలో తన టోపీని కెంట్‌కు ఇవ్వజూపింది కూడా, ఆదరణ పోయిన రాజు పక్షాన నిలిచాడనే కదా!

పాతపుస్తకం: భావం బాగుంది. దానితో పాఠం నిలబడదు. ఫోలియో మీద క్వార్టో నీడ ఉందంటారు కనుక రెండు సాక్ష్యాలు ఒక్కటే కావచ్చు.

చదువరి: నేను నేవ్‌ను 'ఖలుడు' అని తెలుగు చేసుకున్నాను.

ఇస్పేటుజాకీ: ఖలుడు వద్దండీ. సుమతీ శతకం చదివినవాళ్లకు ఖలుడంటే నిలువెల్ల విషమే. నేవ్‌లో అంత విషం లేదు. పాత ఇంగ్లీషు 'క్నాఫా' అంటే బాలుడు, జర్మన్ 'క్నాబే' ఇప్పటికీ అంతే. బాలుడు సేవకుడయ్యాడు, సేవకుడు మోసగాడయ్యాడు. ఈ నాటకంలోనే లియర్ కూతురు గానెరిల్ సేవకుడు ఆస్వాల్డ్ మీద కెంట్ కురిపించే తిట్ల దండకం నేవ్‌తో మొదలవుతుంది. లియర్ మాత్రం విదూషకుణ్ణి 'ప్రెటీ నేవ్' అని ముద్దుచేస్తాడు. పేకలో జాకీ పాత పేరూ ఇదే. 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' నవలలో పేదింటి పిప్ వాటిని నేవ్‌లు అనకుండా జాక్‌లు అన్నందుకే గొప్పింటి పిల్ల ఎస్టెల్లా ఈసడిస్తుంది. డికెన్స్ ఆ ఒక్క మాటతో ఇద్దరి మధ్య అంతస్తుల తేడా చూపించాడు, ఎంత గొప్పవాడో!

పదకేళి: ఇక్కడ నేవ్ అంటే సేవకుడే! పాట మొదలే లాభం కోసం కొలువు చేసేవాడి గురించి. వాన మొదలవగానే మూట కట్టుకునే సేవకుడు ఫూల్. ఫోలియో పాఠం చక్కగా నిలిచింది, జాన్సన్ అక్కరలేదు.

పాతపుస్తకం: చివరి పాదం మరిచారు. 'ఫూల్ నేవ్ కాడు, దేవుడి తోడు' అని ఒట్టు వేస్తాడు. నేవ్ అంటే ఉత్త సేవకుడైతే, లియర్ కొలువులోనే ఉన్న విదూషకుడు తాను సేవకుణ్ణి కానని ఎందుకు అంటాడు?

పదకేళి: విశ్వాసంలేని సేవకుణ్ణి కానని.

పాతపుస్తకం: అంటే మోసగాడికే వచ్చారు.

ఇస్పేటుజాకీ: ఫూల్ దగ్గరికి వచ్చాం కనుక ఇదీ తేల్చండి. అయిదో అంకంలో 'నా పిచ్చి ఫూల్‌ను ఉరితీశారు' అని లియర్ ఏడ్చేది ఎవరి గురించి? ఉరితీయబడ్డ చిన్నకూతురు కార్డీలియా అనే నా నమ్మకం.

చదువరి: విదూషకుడు మూడో అంకంలో మాయమయ్యాడు కదండీ, అతని కబురు మనకు అందేది ఆ ఒక్క మాటలోనే అని నేను చదువుకున్నాను.