రెండోసారి పాసైన టెస్టును రిపోర్టుల ఏమని రాయాలె?

మడికొండ_క్యూఏ: ఒక్క ముచ్చట తేల్చుర్రి. సాఫ్ట్‌వేర్ కోడ్‌ను పరీక్షించే టెస్టు ఒకటి ఫెయిలైంది, కోడ్ మార్చకుండ మళ్లా నడిపితే పాసైంది. రిపోర్టుల పాస్ అని వెయ్యాల్నా, వేరేగ చూపాల్నా? నేనైతే పాసే అంట. 200 టెస్టులు, ఒక్కోటి ఊరికే ఫెయిలయ్యే అవకాశం అర శాతమే అనుకోండి. అన్నీ ఒక్క దెబ్బకు పాసయ్యేది నూటికి 37 సార్లే. మిగతా 63 సార్లు బిల్డ్ (కోడ్‌ను కట్టి టెస్టులన్నీ నడిపే రన్) ఎర్రగనే, అంటే ఫెయిలే. రోజూ ఎర్రగుంటే అసలు బగ్ వచ్చిననాడు గూడ ఎవ్వరూ తెరిచి చూడరు.

కాజీపేట_జంక్షన్: నీ లెక్క కరెక్టే అన్నా, కానీ పాస్ అని రాస్తే పోయేదేందో చూడు. ఏనుమాముల మార్కెట్ల కాంటా లెక్కలు రాసే యాప్ అనుకో. ఒకే రైతు మిర్చి బస్తాలు రెండు కాంటాల మీద ఒకే క్షణంల సేవ్ అయినయ్. రెండూ పాత మొత్తాన్నే చదివి దానికే కలిపి రాసినయ్, ఒక కాంటా తూకం గల్లంతు. ఈ టెస్టు పదిసార్లల ఒక్కసారి ఫెయిలైతది. రెండు రీట్రైలు (ఫెయిలైతే మళ్లా నడుపుడు) పెట్టినవనుకో, మూడుసార్లూ ఫెయిలయ్యేది వెయ్యికి ఒక్కసారి. రిపోర్టు పచ్చగ, రైతుకు నష్టం. ఇది టెస్టు తప్పు కాదు, కోడ్ తప్పు.

భద్రకాళి_కట్ట: రీట్రై ఉండనీ, రాతల దాచొద్దు. జావా టెస్టులు నడిపే మావెన్ ష్యూర్‌ఫైర్‌ల రీరన్‌ఫెయిలింగ్‌టెస్ట్స్‌కౌంట్ (ఎన్నిసార్లు మళ్లా నడపాల్నో చెప్పే సెట్టింగు) 2 పెడితే, తర్వాత పాసైనదాని కింద ఫ్లేకీఫెయిల్యూర్ ట్యాగు పడ్తది (ఫ్లేకీ అంటే ఒకసారి ఫెయిలై ఒకసారి పాసయ్యేది), ఫ్లేక్స్ అని వేరే అంకె వస్తది. చిక్కేందంటే, ఈ ఫలితాలు రాసే ఫైలు తీరు జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్‌కు అందరూ ఒప్పుకున్న అధికారిక ప్రమాణం లేదు. ఆ ట్యాగు తెల్వని టూలు దాన్ని పాస్‌గనే లెక్కగడ్తది. అందుకే ఎక్స్‌ఎంఎల్ నుంచే ట్యాగులు ఏరి, టెస్టు పేరు, కమిట్ (ఏ కోడ్ మార్పో), బిల్డ్ నంబరుతోటి పట్టికల వేసే స్క్రిప్టు పెట్టుకోవాలె. ఏ టెస్టు వారంల ఎన్నిసార్లు తడబడ్డదో అప్పుడే తెలుస్తది.

మడికొండ_క్యూఏ: బిల్డ్ ఫెయిలైతే ఎక్స్‌ఎంఎలే చేతికి రాదు కదా?

భద్రకాళి_కట్ట: బిల్డులు నడిపే జెంకిన్స్‌ల టెస్టు స్టెప్ ఫెయిలైతే ఎనకున్న స్టెప్పులు నడవయ్. జేయూనిట్ లైన్‌ను పోస్ట్‌ల ఆల్వేస్ కింద పెట్టు, టెస్టు ఫెయిలైనా అది నడిచి ఎక్స్‌ఎంఎల్‌ను తీసుకుంటది. ఇంకోటి, పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్ ఆ ఫైలును రన్ మొత్తం అయినంకనే రాస్తది. మధ్యల మెమరీ చాలక ప్రాసెస్ చచ్చిపోతే ఫైలే ఉండదు. నిన్నటి ఫైలు ఫోల్డర్ల మిగిలితే ఇంకా ప్రమాదం, దాన్నే ఇయ్యాళ్టి ఫలితం అనుకుంటం. రన్‌కు ముందు ఫోల్డర్ ఖాళీ చెయ్యి, ఫైలు రాకుంటే బిల్డ్ ఫెయిల్ అనే రాయి.

మడికొండ_క్యూఏ: సరే, పాస్ అన్న మాట వాపస్ తీసుకుంటున్న, ఫ్లేకీకి వేరే గడి పెడ్త. కానీ దానికోసం బిల్డ్ ఆపుడు మాత్రం ఒప్పుకోను.

కాజీపేట_జంక్షన్: పైసలు, తూకం, స్టాకు రాసే టెస్టులకు మాత్రం రీట్రై సున్నా పెట్టు. అవి ఒక్కసారి తడబడ్డా బిల్డ్ ఆగాల్సిందే. బ్రౌజర్ టెస్టులకు రెండు ఉంచుకో, నాకేం అభ్యంతరం లేదు.

మడికొండ_క్యూఏ: అట్లైతే వాటిని వేరే జాబ్‌ల నడుపుత. ఏవి అందులకు రావాల్నో జాబితా మాత్రం డెవలపర్లతోటి కూసొని రాయాలె.