స్కీ రేసులు ఫాలో అవ్వడం ఎలా? స్టార్ట్ లిస్ట్, టైమింగ్, కిట్స్‌బ్యూల్ ప్రయాణంపై సందేహాలు

ప్రశ్న (మ్యూనిక్ నుంచి)

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. రెండేళ్లుగా మ్యూనిక్‌లో ఉద్యోగం. పోయిన జనవరిలో ఒక శనివారం కొలీగ్ ఇంటికి భోజనానికి వెళ్తే అందరూ టీవీకి అతుక్కుపోయి ఉన్నారు. ఫుట్‌బాల్ ఏమో అనుకున్నాను. కాదు, ఆస్ట్రియాలోని కిట్స్‌బ్యూల్‌లో జరిగే డౌన్‌హిల్ స్కీ రేసు. మనిషి కాళ్లకు రెండు పలకలు కట్టుకుని కొండ మీంచి కారు కన్నా వేగంగా దిగుతుంటే నాకు తిండి సహించలేదు. అప్పటి నుంచి పిచ్చి పట్టింది.

కానీ సగం అర్థం కావడం లేదు. కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగే స్లాలమ్‌లో రెండోసారి దిగేటప్పుడు వెనకబడ్డవాళ్లు ముందు దిగుతారు, మొదటివాడు చివర్లో వస్తాడు. డౌన్‌హిల్‌లో మాత్రం ఒక్కసారే. పెద్ద పేర్లన్నీ అయిపోయాక టీవీ కట్టేయొచ్చా? స్క్రీన్ మీద ఆకుపచ్చ, ఎరుపు అంకెలు ఏంటి? ఈసారి కిట్స్‌బ్యూల్ వెళ్లి చూద్దామనుకుంటున్నాను, ఎలా ప్లాన్ చేయాలి? మా నాన్నగారికి కూడా ఆసక్తి పుట్టింది. ఖమ్మంలో ఎన్ని గంటలకు వస్తుందో చెప్పమని రోజూ ఫోన్.

జవాబు (ఇన్స్‌బ్రుక్ దగ్గర ఉంటాను)

తమ్ముడూ, ముందు ఒక్క మాట. ఈ ఆటలో స్టార్ట్ లిస్ట్ చదవడం వస్తే సగం వచ్చేసినట్టే. రేసుకు ముందు రోజు సాయంత్రం అది అంతర్జాతీయ స్కీ సమాఖ్య, అంటే ఫిస్, వెబ్‌సైట్‌లో పెడతారు. నేను వంట చేస్తూ అదే చదువుతాను. మా ఆయన దాన్ని పంచాంగం అంటారు.

ఎందుకంటే ఇక్కడ అందరూ ఒకే మంచు మీద దిగరు. ఒక్కొక్కరు దిగే కొద్దీ గేటు, అంటే మలుపు తిరగాల్సిన కర్ర, పక్కన మంచు తెగి నాగటి చాళ్లలా అవుతుంది. అందుకే స్లాలమ్‌లో, గేట్లు ఇంకాస్త దూరదూరంగా ఉండే జెయింట్ స్లాలమ్‌లో ర్యాంకింగ్‌లో మొదటి 7 మంది 1 నుంచి 7 వరకు నంబర్లకు లాటరీ తీసుకుంటారు, తర్వాతి 8 మంది 8 నుంచి 15 వరకు. 40వ నంబరుతో దిగిన కుర్రాడు పన్నెండో స్థానంలోకి వస్తే అక్కడ గెలిచినంత సంబరం చేస్తారు. నువ్వూ చెయ్యి.

రెండో రన్‌కి మొదటి 30 మందే అర్హులు. అందులో 30వ వాడు ముందు దిగుతాడు, నంబర్ వన్ చివర. దీనికి కారణాలు రెండు. ఒకటి, ఉత్కంఠ చివరిదాకా నిలుస్తుంది. రెండు, వెనకబడ్డవాడికి శుభ్రమైన ట్రాక్ దొరుకుతుంది. ఇది పేరుకే అనుకోకు. 2024 ఫిబ్రవరిలో షామొనీ స్లాలమ్‌లో స్విట్జర్లాండ్ వాడు డానియెల్ యూల్ మొదటి రన్‌లో సరిగ్గా 30వ స్థానం. రెండో రన్‌లో అందరికన్నా ముందు దిగి, కింద కూర్చుని, మిగతా 29 మందిలో ఒక్కరూ తన మొత్తం టైమును దాటలేకపోవడం చూశాడు. గెలిచాడు. 30 నుంచి 1కి ఎవరైనా రావడం ప్రపంచ కప్‌లో, అంటే సీజనంతా ఊరూరా జరిగే ఈ రేసుల వరసలో, అదే మొదటిసారి.

టీవీ కట్టేయొచ్చా అన్నావు. 2018 వింటర్ ఒలింపిక్స్ మహిళల సూపర్-జిలో (డౌన్‌హిల్ లాగే ఒక్కసారే దిగే వేగం రేసు) పెద్దవాళ్లంతా దిగేశారు, ఆస్ట్రియాకు చెందిన ఆనా ఫైట్ గెలిచినట్టేనని అందరూ అనుకున్నారు. అమెరికా టీవీ వాళ్లు వేరే ఆటకి వెళ్లిపోయారు కూడా. అప్పుడు 26వ నంబరుతో చెక్ అమ్మాయి ఎస్తర్ లెడెట్స్కా దిగింది. అప్పటికి ఆమెకు పేరంతా స్నోబోర్డింగ్‌లోనే. సెకనులో వందో వంతు తేడాతో స్వర్ణం. బోర్డు చూసి తనే నమ్మలేక అలా నిలబడిపోయింది. కాబట్టి కనీసం 30వ నంబరు దాకా కదలకు.

ఇక రంగులు. కొండ మీద మధ్యమధ్య సెన్సర్లుంటాయి. అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్నవాడితో పోలిస్తే ముందుంటే ఆకుపచ్చ, వెనకుంటే ఎరుపు. కొత్తవాళ్లందరూ మోసపోయేది స్లాలమ్ రెండో రన్‌లో. అక్కడ చూపించేది రెండు రన్ల మొత్తం తేడా. పైన 0.80 సెకను ఆకుపచ్చ, తర్వాత 0.52, తర్వాత 0.15. ఇంకా పచ్చగానే ఉందని నువ్వు చప్పట్లు కొడుతుంటావు, కానీ అతను ప్రతి మలుపులోనూ ఓడిపోతున్నాడు. రంగు చూడకు, అంకె పెరుగుతోందా తరుగుతోందా చూడు.

ప్రశ్న అడిగినవారు

అక్కా, ధన్యవాదాలు. ఆ 0.80 విషయం నాకు నూటికి నూరుపాళ్లు జరిగింది! ఇంకో సందేహం. స్లాలమ్‌లో కొందరు పడకపోయినా మధ్యలో ఆపేసి పక్కకు తప్పుకుంటారు. ఎందుకు?

జవాబు (విశాఖపట్నం నుంచి)

బాబూ, గేటు కర్రను రెండు కాళ్ల మధ్యకు తెచ్చేసుకుంటే దాన్ని స్ట్రాడిల్ అంటారు. రెండు స్కీల ముందు కొసలూ, రెండు కాళ్లూ గేటు గీతను దాటాలన్నది నియమం. ఒక్క కాలు అటుపక్క నుంచి పోయినా ఆట అయిపోయినట్టే. మనకు టీవీలో కనిపించదు, వాళ్లకు కాలికి తెలిసిపోతుంది. మంచు మెత్తగా ఉంటుందనుకోకు. ఈ రేసు వాలుల్లో నీళ్లు ఎక్కించి రాయిలా గడ్డకట్టిస్తారు. అందుకే ఒక్క క్షణం స్కీ అంచు పట్టు తప్పినా మనిషి ఎక్కడికో పోతాడు.

నేను రిటైరయ్యాక ఈ పిచ్చిలో పడ్డాను. మనవరాలు స్విట్జర్లాండ్‌లో చదువుతోంది, అంటించింది తనే. రేసులన్నీ వీడియోలో దొరకవు. ప్రసార హక్కులు దేశానికో తీరు. ఆస్ట్రియాలో ఓఆర్ఎఫ్, స్విట్జర్లాండ్‌లో ఎస్ఆర్ఎఫ్ చూపిస్తాయి గానీ ఆ దేశం దాటితే ఆగిపోతాయి. నేనేం చేస్తానంటే, ఫిస్ వెబ్‌సైట్‌లో లైవ్ టైమింగ్ తెరిచి కూర్చుంటాను. బొమ్మ ఉండదు, అంకెలే. ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని క్రికెట్ కామెంటరీ విన్న తరం మాది, మాకు ఇది కొత్తేం కాదు. ముఖ్యాంశాల వీడియోలు తర్వాత ఫిస్ యూట్యూబ్ చానల్‌లో చూసుకోవచ్చు.

మీ నాన్నగారికి టైమింగ్స్ ఇలా చెప్పు. యూరప్ శీతాకాలంలో మనం వాళ్లకన్నా నాలుగున్నర గంటలు ముందు. కిట్స్‌బ్యూల్‌లో పొద్దున 11.30 అంటే మనకు సాయంత్రం 4, టీ టైము. ఆస్ట్రియాలోనే ష్లాడ్‌మింగ్‌లో రాత్రి లైట్ల కింద జరిగే స్లాలమ్ మాత్రం మనకు అర్ధరాత్రి దాటుతుంది. అమెరికాలో కొలరాడోలోని బీవర్ క్రీక్‌లో పొద్దున 11 అంటే మనకు రాత్రి 11.30.

ఒక చిక్కు ఉంది, నేను దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నా. సీజన్ అక్టోబరు చివర్లో ఆస్ట్రియాలోని సోల్డెన్ హిమనదం మీద మొదలవుతుంది. మామూలుగా శనివారం ఆడవాళ్లది, ఆదివారం మగవాళ్లది. యూరప్‌లో గడియారం వెనక్కి తిప్పేది అక్టోబరు చివరి ఆదివారమే! అంటే శనివారం మనకూ వాళ్లకూ తేడా మూడున్నర గంటలు, ఆదివారం నాలుగున్నర. అక్కడ 10కి మొదలైతే మనకు శనివారం మధ్యాహ్నం 1.30, ఆదివారం 2.30. తెలియక ఒకసారి గంటసేపు ఖాళీ స్క్రీన్ చూస్తూ ఇంటర్నెట్ కంపెనీని తిట్టుకున్నాను.

మరో సభ్యురాలు (హైదరాబాద్ నుంచి)

మనవాళ్లెవరూ లేరా ఇందులో? ఎవరినీ సపోర్ట్ చేయకుండా చూడటం నా వల్ల కాదు.

జవాబు (విశాఖపట్నం నుంచి)

ఉన్నారమ్మా. గుల్‌మర్గ్ కుర్రాడు ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు. ఆ రోజు బాగా మంచు కురిసి దాదాపు సగం మంది పూర్తే చేయలేకపోయారు. అందులో పూర్తి చేసినవాడు మనవాడు. ఒకే వింటర్ ఒలింపిక్స్‌లో రెండు ఈవెంట్లకు అర్హత సాధించిన మొదటి భారతీయుడు కూడా అతనే. మనాలీ అమ్మాయి ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కాంస్యం తెచ్చింది. అంతర్జాతీయ స్కీయింగ్ పోటీలో మనకు అదే తొలి పతకం. ప్రపంచ కప్ స్థాయి మాత్రం ఇంకా చాలా దూరం. అబద్ధం చెప్పను.

జవాబు (ఇన్స్‌బ్రుక్ దగ్గర ఉంటాను)

హైదరాబాద్ చెల్లీ, అయితే నీకు లుకాస్ పిన్యేరో బ్రాటెన్ సరిపోతాడు. నాన్నది నార్వే, అమ్మది బ్రెజిల్. నార్వే తరఫున గెలుస్తూ గెలుస్తూ అక్కడి స్కీ సమాఖ్యతో పడక 2023లో సోల్డెన్ రేసుకు సరిగ్గా ముందు రిటైర్మెంట్ చెప్పేశాడు. ఏడాది తర్వాత బ్రెజిల్ జెర్సీతో తిరిగొచ్చాడు. 2024 డిసెంబరులో బీవర్ క్రీక్‌లో రెండో స్థానం, ప్రపంచ కప్‌లో బ్రెజిల్‌కు అదే తొలి పోడియం, అంటే మొదటి మూడు స్థానాల్లో చోటు. 2025 నవంబరులో ఫిన్లాండ్‌లోని లెవీలో ఏకంగా గెలిచాడు. అక్కడ గెలిచినవాళ్లకు రెయిన్‌డీర్‌ను ఇస్తారు, పేరు పెట్టుకోవచ్చు.

గెలుపులే కావాలంటే అమెరికా అమ్మాయి మికేలా షిఫ్రిన్. స్వీడన్ వాడు స్టెన్మార్క్ పేరిట ఉన్న 86 విజయాల రికార్డును 2023 మార్చిలో దాటింది. 2025 ఫిబ్రవరిలో ఇటలీలోని సెస్ట్రియెరేలో వందో గెలుపు. కానీ నేనైతే ఎప్పుడూ గెలిచేవాళ్లతో పాటు, ఇరవయ్యో స్థానం చుట్టూ తిరిగే ఒకరిని కూడా పట్టుకుంటాను. ఆ స్థాయిలో జనవరి నుంచి మార్చి దాకా ప్రతి పాయింటూ చావో రేవో.

పాయింట్ల లెక్క చిన్నదే. గెలిస్తే 100, రెండుకు 80, మూడుకు 60, తర్వాత 50, 45, 40. అలా తగ్గుతూ 30వ స్థానానికి 1. కిట్స్‌బ్యూల్‌లో గెలిచినా, ఎవరూ పట్టించుకోని కొండ మీద గెలిచినా అదే 100. సీజన్ మొత్తం కలిపి ఎక్కువ పాయింట్లున్నవాళ్లకు ట్రోఫీగా పెద్ద స్ఫటిక గ్లోబు, ఒక్కో విభాగానికి చిన్న గ్లోబు. మార్చిలో ఫైనల్స్‌లో మాత్రం మొదటి 15 మందికే పాయింట్లు, అది మర్చిపోకు. 2011లో మహిళల సీజన్ చివరి రోజున జెయింట్ స్లాలమ్ ఒక్కటే మిగిలింది. జర్మనీ అమ్మాయి మరియా రీష్‌కి 1728 పాయింట్లు, అమెరికా అమ్మాయి లిండ్సే వాన్‌కి 1725. ఇద్దరూ స్నేహితులే. వాతావరణం బాగాలేక రేసు రద్దయింది. మూడు పాయింట్లతో గ్లోబు రీష్‌కి. రద్దు అంటే ఏమిటో ఆ రోజు చూడాలి.

ప్రశ్న అడిగినవారు

అది ఘోరం! మరి కిట్స్‌బ్యూల్ ప్లాన్?

జవాబు (ఇన్స్‌బ్రుక్ దగ్గర ఉంటాను)

వస్తున్నా. జనవరి మూడో నాలుగో వారాంతం, క్యాలెండర్ చూసుకో. మామూలుగా శుక్రవారం సూపర్-జి, శనివారం స్ట్రైఫ్ వాలు మీద డౌన్‌హిల్, ఆదివారం పక్క కొండ మీద స్లాలమ్. స్ట్రైఫ్ పొడవు 3,312 మీటర్లు, కిందికి దిగేది 860 మీటర్లు. బాగా నిటారుగా ఉన్నచోట వాలు 85 శాతం. 1997లో ఫ్రిట్స్ స్ట్రోబుల్ 1 నిమిషం 51.58 సెకన్లలో దిగాడు, అదే రికార్డు.

శనివారం జనం తిరునాళ్లే. కింద ఫినిష్ దగ్గర నిలబడితే చివరి భాగమే కళ్లతో కనిపిస్తుంది, హౌస్‌బెర్గ్ అంచు మీంచి దూకి అడ్డంగా వచ్చే మలుపు, ఆఖరి వాలు. పైన మౌసెఫాలె, అంటే ఎలుకల బోను, అదంతా పెద్ద స్క్రీన్ మీదే. మొదటిసారి వెళ్లి నేను ఏడుపొక్కటే తక్కువ. ముందరివాడి టోపీ బాగా చూశాను.

అందుకే నా సలహా వేరు. డౌన్‌హిల్‌కి ముందు ట్రైనింగ్ రన్ కనీసం ఒకటైనా జరగాలన్నది నియమం, కాబట్టి వారం మధ్యలో అవి ఉంటాయి. అదే వాలు, అదే మనుషులు, జనం మాత్రం తక్కువ. వాలు పక్క దారి వెంట నడుస్తూ నచ్చినచోట నిలబడొచ్చు. స్కీ మంచును కోసే చప్పుడు ఒక్కసారి దగ్గర నుంచి విను, టీవీలో అది సగం కూడా రాదు. ఆ రోజు టైమింగ్స్ మాత్రం నమ్మకు. చాలామంది చివర్లో కావాలనే లేచి నిలబడి నెమ్మదిగా వస్తారు. సూపర్-జికి ఈ సౌకర్యం లేదు. పొద్దున వాలు వెంట మెల్లగా జారుతూ గేట్లు బట్టీ పట్టి, నేరుగా రేసే. అందుకే అందులో 1వ నంబరు అంటే పాపం మిగతావాళ్లకు దారి చూపించేవాడు.

రేసు రోజే కావాలంటే ఆదివారం స్లాలమ్‌కి వెళ్లు. కొండ చిన్నది, కింద నుంచే చాలాభాగం కనిపిస్తుంది, మొదటి 30 మందినీ రెండుసార్లు చూస్తావు.

టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కో. ఊళ్లో గది వెతక్కు. ఆ వారం ఒక చోట నాకు చెప్పిన రేటుకు మా ఊళ్లో నెల అద్దె కట్టొచ్చు. మ్యూనిక్ నుంచి రైల్లో పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు, వోర్గల్‌లో మారాలి. కిట్స్‌బ్యూల్ మెయిన్ స్టేషన్ కాకుండా హానెన్‌కామ్ అనే చిన్న స్టేషన్ ఉంది, ఫినిష్‌కి దగ్గర అదే. బూట్లు ఒక సైజు పెద్దవి, లోపల ఉన్ని సాక్సులు. నాలుగు గంటలు మంచు మీద నిలబడటం నడవడం కన్నా కష్టం. పులిహోర తీసుకెళ్లొద్దు. నేను తీసుకెళ్లాను, గింజ గింజా గులకరాయి అయింది. ఫ్లాస్కులో వేడి రసం పోసుకెళ్లు.

గాలి, పొగమంచు ఉంటే స్టార్ట్ కిందికి దించుతారు, గంటలు వాయిదా వేస్తారు, రద్దు కూడా చేస్తారు. మాటర్‌హార్న్ కింద జెర్మాట్, చెర్వీనియా మధ్య కొత్త డౌన్‌హిల్ పెడితే 2022, 2023 రెండేళ్లూ ఒక్క రేసైనా జరగలేదు. తిరుగు టికెట్ మారేదిగా చూసుకో.

ప్రశ్న అడిగినవారు

ట్రైనింగ్ రోజుకే సెలవు పెట్టాను. మేనేజర్‌కి కారణం ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఐదు నిమిషాలు ఆలోచించి తనూ వస్తానన్నాడు, కారు తీస్తాడట. ఓకేనా అక్కా?

జవాబు (ఇన్స్‌బ్రుక్ దగ్గర ఉంటాను)

ట్రైనింగ్ రోజు కాబట్టి సరే. శనివారమైతే వద్దనేదాన్ని, దారిలోనే రేసు అయిపోతుంది. రసం ఆయనకు కూడా పట్టుకెళ్లు.