యూరియా "నిండుకుందా", కొరత పడిందా?

గొట్టా బ్యారేజీ నిండుకుండలా ఉందని పేపర్లో ఒక పేజీ చెబుతుంది. పక్క పేజీలో సొసైటీలో యూరియా నిండుకుందని ఉంటుంది. హైదరాబాదులో చదువుకుంటున్న మా మేనల్లుడు రెండో హెడ్డింగు చూసి "అయితే ఎరువు దండిగా వచ్చిందన్నమాట" అన్నాడు. వాణ్ని ఏమనగలం?

బియ్యం, ఉప్పు, పసుపు, కుంకుమ "లేవు" అనకూడదు, అశుభం. అందుకే డబ్బా అడుగు గీకుతూ కూడా ఆడవాళ్లు "నిండుకున్నాయి" అంటారు. దీపం కొండెక్కడం, తాళి పెరగడం (అంటే తెగడం) ఈ వరసలోవే. వంటింట్లో ముద్దుగా ఉంటుంది. ఎరువుల గోదాముకు ఆ పట్టింపు ఎందుకు చెప్పండి?

పైగా నిండుకుందంటే పూర్తిగా అయిపోయిందని. 2025 ఖరీఫ్‌లో మన శ్రీకాకుళం వైపు చూసింది వేరు. లారీ వచ్చేది, బస్తాలు దిగేవి. పాసుపుస్తకం, ఆధార్ జిరాక్సులు పట్టుకుని నిలబడినవాళ్లలో కొందరికి అందేవి, మిగతావాళ్లు రేపు రావాలి. ఉభాలు (వరి నాట్లు) అయిపోయి వరి పిలకలు తొడిగే వేళ, ఎకరాలున్న రైతు చేతికి ఒకటో రెండో బస్తాలు. బస్తా అంటే ఇప్పుడు 45 కిలోలే, పాత 50 కాదు. వరసలో ఒక పెద్దాయన విసుగ్గా అన్నమాట: "నేదందామంటే ఉన్నాది, ఉందందామంటే సాలదు." నిఘంటువులో కొరతకు ఇంతకన్నా మంచి అర్థం రాయలేరు.

కొరతకు బదులు వేరే మాటలు చూద్దామా? ఎద్దడి నీటికి అతికినట్టు ఎరువుకు అతకదు. కటకట అంటే సరుకు కన్నా మనిషి పాట్లు కనిపిస్తాయి. తరుగు అంటే ధాన్యం మిల్లు దగ్గర తేమ పేరు చెప్పి కోసేది, దాని గొడవ వేరే. ఇక కొదవ తమాషా మాట, పక్కన "లేదు" లేకుండా దాదాపు బతకదు. కళింగపట్నంలో చేపలకు కొదవ లేదంటాం గానీ, కొదవ ఉందని ఎవరైనా అనగా విన్నారా?

↳ మా చీపురుపల్లి వైపు ఒక షావుకారు లోపల బస్తాలున్నా నిండుకుందనే అంటాడండీ. తెలిసినవాళ్లకు దాచాలి కదా!

↳ అయితే ఆయన అబద్ధం ఆడట్లేదండీ. గోదాము నిండుగానే ఉంది.