రాజమండ్రి – మారేడుమిల్లి – చింతూరు – కూనవరం: రోడ్ బైక్ (సన్న టైర్ల సైకిల్) మీద వెళ్లొచ్చినవాళ్లు ఉన్నారా?

గోదారి_గట్టు
డిసెంబర్ రెండో వారంలో ఇద్దరం బయల్దేరుదామనుకుంటున్నాం. మొదటి రోజు రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి, ఓ 85 కిలోమీటర్లు. రాత్రికి అక్కడే. రెండో రోజు ఘాట్ దాటి చింతూరు, శబరి పక్కనే కూనవరం, సాయంత్రానికి భద్రాచలం. నావి మూడే అనుమానాలు. 25 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు సరిపోతాయా, 28 వేయించాలా? చింతూరు–కూనవరం రోడ్డు ఇప్పుడెలా ఉంది? తిరిగొచ్చేటప్పుడు భద్రాచలం రోడ్ స్టేషన్లో సైకిల్‌తో రైలెక్కడం ఎలా?

చైన్_తెగినోడు
టైర్ల సంగతి తర్వాత, ముందు పంపు చూసుకోండి. పోయిన జనవరిలో మారేడుమిల్లి దాటాక ఘాట్లో అరగంటలో రెండు పంక్చర్లు. మొదటిదానికి స్పేర్ ట్యూబ్ వేశాను. రెండోదానికి ప్యాచ్ అంటించి గాలి కొడుతుంటే చేతి పంపు వాషర్ చచ్చింది. ఫోన్ సిగ్నల్ లేదు. గాలికి వెదుర్లు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటుంటే ఏ జంతువో అని గుండె ఆగినంత పని. ఏడు కిలోమీటర్లు సైకిల్ నడిపించుకుంటూ వెనక్కి వచ్చాను, అదీ పెడల్‌కి బిగుసుకునే క్లీట్ బూట్లతో, టక్కు టక్కుమంటూ. ఊళ్లో రిపేరు చేసేవాయన పాపం మంచోడే, కానీ ఆయన పంపు నా ప్రెస్టా వాల్వ్‌కి (రోడ్ బైక్ ట్యూబులకుండే సన్న వాల్వ్) పట్టలేదు. బఠాణీ గింజంత ఇత్తడి అడాప్టర్ లేక ట్రిప్ మొత్తం పోయింది.

పెడల్_పంతులు
పట్టకపోవడమేంటి? మన పాత సైకిళ్ల వాల్వ్‌కీ ప్రెస్టాకీ పైభాగం లావు ఒకటే. ప్రెస్టా మొన మీద చిన్న నట్టు ఉంటుంది. అది వదులు చేసి, వేలితో ఒక్కసారి తుస్సుమనిపించి, అప్పుడు పంపు బిగించాలి. మీరు నట్టు విప్పకుండానే కొట్టి ఉంటారు. నేను ఎస్‌ఆర్ (సూపర్ రాండనర్) మూడుసార్లు చేశాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోపు ముగించాల్సిన దూరపు రైడ్లు) ఒకే సీజన్లో పూర్తిచేస్తేనే ఎస్‌ఆర్. 600 అయితే 40 గంటల్లో ముగించాలి. పల్లెటూరి పంపులతోనే నెట్టుకొచ్చాను, ఎక్కడా ఆగలేదు.

బుల్లిరాజు
మారేడుమిల్లి వెళ్లి వాల్వుల గోలేంటండీ బాబూ! బొంగు చికెన్ తిన్నారా లేదా? ముందే కాల్చి పెట్టింది కొనకండి. మన కళ్ల ముందు పచ్చి బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చేచోట తినండి. నూనె చుక్క వేయరు. బొంగు నల్లగా మాడి, మూతి దగ్గర రసం బుడబుడలాడాక దించుతారు. ఒక్క మాట, తిన్న వెంటనే ఘాట్ ఎక్కకండి. నేనెక్కాను.

చైన్_తెగినోడు
పంతులుగారూ, నట్టు విప్పాలని తెలియకుండా పదేళ్ల నుంచి తొక్కుతున్నానంటారా? అక్కడున్నది మోటార్ సైకిళ్లకి గాలి కొట్టే కంప్రెసర్. దాని మూతి లావు, అడాప్టర్ లేకపోతే జారిపోతుంది.

పెడల్_పంతులు
కంప్రెసర్ అని ముందే రాయాలి కదా. మీరు రాసింది “పంపు” అని. అడిగినవాడికి తప్పుడు సమాచారం వెళ్లకూడదనే నా బాధ.

వారాంతపు_సవారీ
మీ ఇద్దరిదీ నిజమే. పాత కాలి పంపు క్లిప్పు ప్రెస్టాకి గట్టిగా పట్టుకుంటే ఎక్కుతుంది. కాకపోతే గాలి ఒత్తిడి 40 పీఎస్‌ఐ దాటాక పక్కనుంచి లీక్. 28 టైరుకి కనీసం 70 కావాలి, అంతకు తక్కువుంటే గుంతలో పడగానే ట్యూబుకి పాముకాటులా రెండు చిల్లులు. కాబట్టి అడాప్టర్ పెట్టుకోండి, చేతి పంపూ పెట్టుకోండి, గొడవ వదిలేయండి.

పెడల్_పంతులు
70 ఎందుకు? నా బరువుకి 60 చాలు.

చైన్_తెగినోడు
మీ బరువు ఎవరడిగారండీ.

నల్లమల_నీడ
అడవీ లోయా ఒకే దెబ్బకి కావాలంటే మా శ్రీశైలం రోడ్డుని మించింది లేదన్నా. కానీ టైమింగ్ తప్పితే నవ్వులపాలే. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు దగ్గర గేటు వేస్తారు, పులుల అడవి కదా. నేను తెలివిగా రాత్రి పది గంటలకు హైదరాబాద్‌లో బయల్దేరి, జోరుగా తొక్కి ఐదు కాకముందే గేటు దగ్గర వాలిపోయాను. చెమట తడి మీద చలి. కార్లవాళ్లు హీటర్ వేసుకుని నిద్ర, నేను సైకిల్ చుట్టూ ప్రదక్షిణలు. ఆరింటికి గేటు ఎత్తాక మాత్రం ఆ మొదటి గంట... రోడ్డు మీద మంచు, రెండు పక్కలా నల్లమద్ది చెట్లు, నా చైన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. డోమలపెంట దాటాక ఒక్కటే దిగుడు. మలుపు తిరగ్గానే కింద కృష్ణ, డ్యామ్ పన్నెండు గేట్లు. ఆనందం అక్కడిదాకానే. లింగాలగట్టు నుంచి సుండిపెంటకి ఎక్కుతుంటే కాళ్లు మొరాయించాయి. అరటిపండు తిందామని ఆగితే కోతి జెర్సీ వెనక జేబులో చెయ్యి పెట్టి పండుతో పాటు కారు తాళం కూడా లాక్కుంది. తాళం పారేసింది, దాని దయ.

బుల్లిరాజు
సైకిల్ మీద వెళ్తూ కారు తాళం ఎందుకండీ?

నల్లమల_నీడ
ఊరి చివర దాకా కారులో వెళ్లి అక్కడ పెట్టాను. ఔటర్ దాకా ట్రాఫిక్‌లో ఎవడు తొక్కుతాడు.

పెడల్_పంతులు
అయితే అది హైదరాబాద్–శ్రీశైలం రైడ్ కాదు. సరిగ్గా రాయండి.

వారాంతపు_సవారీ
ఆయన అడిగింది గోదావరి వైపు అండి. ఆ కీకారణ్యం ముందు నల్లమల ఎండు అడవే. రంపచోడవరం దాటిన దగ్గర్నుంచి చెట్లు ఆకాశం మూసేస్తాయి.

శబరి_ఒడ్డు
మాది చింతూరు దగ్గరే. ఎప్పుడూ చదివి ఊరుకుంటాను, ఇవాళ రాయాలనిపించింది. రంపచోడవరం దాటాక మీరు ఆగి ఫోటోలు తీసుకునే వరస టేకు చెట్లు నాటినవి. మారేడుమిల్లి దగ్గర కాఫీ, చెట్లకి పాకించిన మిరియాల తీగ, అవీ నాటినవే. పాత అడవి చూడాలంటే ఘాట్లో వాగు కల్వర్టు దగ్గర ఆగి తలెత్తండి. అడ్డాకు తీగ ఒక చెట్టెక్కి పక్క చెట్టు మీదికి పోయి ఉంటుంది. దాని కాండం మీ సైకిల్ ఫ్రేము పైపు కన్నా లావు. వాగు పక్కన ఏరుమద్ది, పైన గట్టు మీద ఇప్ప. జీలుగు చెట్టు గెలలు జడల్లా వేలాడుతుంటాయి, కుండ కట్టి ఉంటే ముట్టుకోకండి, దానికి యజమాని ఉంటాడు.

రోడ్డు సంగతి. ఘాట్లో ఎక్కువ భాగం తారు బాగుంది, కానీ నీడ పడే మలుపుల్లో డిసెంబర్‌లో కూడా పాచి ఆరదు. అక్కడ ముందు బ్రేక్ గట్టిగా పట్టొద్దు. 28 టైర్లే వేయించండి. ఎదురుగా బస్సొస్తే మీరే ఆగండి, వాళ్లకి మలుపులో చోటుండదు.

చింతూరు నుంచి భద్రాచలం నేరుగా వెళ్లేది 30వ నంబరు జాతీయ రహదారి, ఛత్తీస్‌గఢ్ లారీలు దుమ్ము రేపుతూ పోతాయి. కూనవరం దారి నెమ్మది, నాకైతే అదే ఇష్టం. కాకపోతే వరదలో నానిన రోడ్డు, అంచులు విరిగి ఉంటాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులని గుర్తుంచుకోండి. గోదారి అంతెత్తున నిలిస్తే శబరికి పోయే దారుండదు, వెనక్కి తన్నుతుంది. మా ఇంటి గోడ మీద ఆ నీటి చార ఇప్పటికీ నా భుజం ఎత్తున ఉంది, సున్నం వేసినా పైకి తేలుతుంది. మా మండలాల్ని 2014లో ఖమ్మం నుంచి ఆంధ్రలో కలిపింది పోలవరం ముంపు కోసమే. ప్రాజెక్టులో 45.72 మీటర్ల దాకా నీళ్లు నిలిపిన రోజున మీరు తొక్కబోయే ఆ దారి చాలాచోట్ల నీళ్ల కిందే. వచ్చేదేదో త్వరగా వచ్చి చూడండి.

చైన్_తెగినోడు
అన్నా, చింతూరులో ప్రెస్టాకి గాలి కొట్టేవాళ్లు ఉన్నారా?

శబరి_ఒడ్డు
లేరు.

గోదారి_గట్టు
శబరి_ఒడ్డు గారూ, చాలా థ్యాంక్సండీ, 28 ఖాయం. రైలు సంగతి ఎవరూ చెప్పలేదు.

వారాంతపు_సవారీ
భద్రాచలం రోడ్ స్టేషన్ భద్రాచలంలో ఉందనుకుంటున్నారేమో. అది కొత్తగూడెంలో, గోదావరి దాటి ఇంకో 40 కిలోమీటర్లు తొక్కాలి. సైకిల్ పార్సిల్‌లో బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో వేయాలి. మీరెక్కిన బండిలోనే అదీ ఎక్కుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. ఒక స్టేషన్లో నాది మర్నాటి బండికి పంపారు. దిగాక చూస్తే డిరైలర్ని (గేర్లు మార్చే భాగం) పట్టి ఉంచే హ్యాంగర్ వంగి ఉంది, గేరు మారిస్తే డిరైలర్ వెనక చక్రంలోకి వెళ్లి చువ్వలు కోస్తోంది. ప్యాక్ చేస్తే డిరైలర్ విప్పి అట్టముక్కలో చుట్టి ఫ్రేముకి కట్టండి.

పెడల్_పంతులు
రైలెందుకు? భద్రాచలం నుంచి అదే దారిన రాజమండ్రికి వెనక్కి తొక్కేయండి. ఒక రోజు పని.

బుల్లిరాజు
రెండోసారి బొంగు చికెన్ కూడా తినొచ్చు. పంతులుగారు మొదటిసారి పనికొచ్చే మాట చెప్పారు.

గోదారి_గట్టు
మా వాడికి 85 కిలోమీటర్లే ఎక్కువండీ. బస్సు డిక్కీలో వేసుకొస్తాం. చక్రాలు రెండూ విప్పితే పడుతుందా?

కొత్త_పెడల్
మొత్తం చదివాను. ఆ ఇత్తడి అడాప్టర్ కాకినాడలో ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్తారా?