మాంత్రికుడి ముందు యోధుడు తేలిపోతున్నాడు, ఏం చేయాలి?

మాది కావలి. ఆదివారం సాయంత్రాలు మిద్దె మీద నలుగురం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్‌తో ఆడుతున్నాం. ఆట నడిపేది నేనే. కథ ఉదయగిరి కోటలో పెట్టాను, అందరికీ బాగా నచ్చింది.

పాత్రలు ఐదో లెవెల్‌కి వచ్చాక చిక్కు మొదలైంది. మాంత్రికుడు ఒక్క ఫైర్‌బాల్ (అగ్నిగోళం మంత్రం) వేస్తే ఎనిమిది ఆరుముఖాల పాచికల దెబ్బ, అదీ ఇరవై అడుగుల వ్యాసార్థంలో ఉన్న అందరికీ. యోధుడికి అదే లెవెల్‌లో దొరికేది రెండో కత్తివేటు. యోధుడిగా ఆడేది మా బాబాయి కొడుకు. పోయిన వారం తన వంతు వచ్చేసరికి కొట్టడానికి ఎవరూ మిగల్లేదు. వాడు ఏమీ అనలేదు గానీ, ముఖం చూస్తే నాకే బాధేసింది.

తప్పు నాదేనేమో అనిపిస్తోంది. ఈ రూల్స్ కథలో రోజుకి ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు ఉంటాయనే లెక్కతో రాసినవి. మాకు దొరికే మూడు గంటల్లో ఒకటే జరుగుతుంది, ఆ తర్వాత కథలో పాత్రలన్నీ పడుకుని పెద్ద విశ్రాంతి తీసుకుంటాయి, వాడేసిన మంత్రాలు తిరిగొచ్చేస్తాయి. అందుకే మాంత్రికుడికి మంత్రాలు దాచుకోవాల్సిన అవసరమే రావడం లేదు.

చిన్న విశ్రాంతి ఎనిమిది గంటలు, పెద్ద విశ్రాంతి ఏడు రోజులు చేసే ఐచ్ఛిక రూల్ ఉంది కదా, దాన్ని ఎవరైనా వాడి చూశారా? మాంత్రికుడిగా ఆడేవాళ్లు నొచ్చుకున్నారా? లేక యోధుడికి మంచి మాయఖడ్గం ఇస్తే సరిపోతుందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. వచ్చే ఆదివారంలోపు తేల్చుకోవాలి.